కొమ్మలు లేని వైపు

వరద సరస్సు పడమటి ఇసుకగట్టును తెంపిన ఏడు. సరస్సు గడ్డకట్టి ఇంకా వారం కాలేదు.

అగాత్ గుడిసె బయట చేపలు ఎండగడుతోంది. సరస్సు మీది నుంచి కేకలు వినబడి తలెత్తింది.

దూరంగా, మంచు మీద, ఆమె అన్న మోయీస్ ఆమె మొగుడు సిప్రియన్‌ను కొడుతున్నాడు.

చేతిలో కర్ర. వీపు మీద, తొడల మీద ఎడాపెడా. సిప్రియన్ బోర్లా పడ్డాడు. మోయీస్ జుట్టు పట్టి లేపాడు. నాలుగడుగులు నడిపించి మళ్లీ బాదాడు.

"అన్నంత పనీ చేస్తున్నాడే మీ అన్న!" అంది పక్క గుడిసె ముసలి ఫిలోమెన్, నోట్లోంచి పైపు తీసి.

వేసవిలో సిప్రియన్ తోడేలనుకుని మోయీస్ కుక్కను కాల్చేశాడు. మంచు మీద బండి లాగే కుక్కలన్నిటికీ ముందు నడిచేది అదే. మోయీస్ ఊరందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. "మంచు పట్టనీరా. దాని మీదే నిన్ను కొట్టి చంపుతా."

అగాత్‌కు ఏడో నెల. లోపలికి పోయి తుపాకి తెచ్చుకుంది.

"ఏమే, అది ఎందుకే?"

"నా మొగుడు చస్తే బిడ్డకు నువ్వు పెడతావా, అత్తా?"

సరస్సులో నీటి పరుగు తూర్పు వైపు. అక్కడ మంచు పలచన. మంచు విరిగి ఎవరైనా నీళ్లలో పడిన చోటల్లా, గుర్తుగా చుట్టూ స్ప్రూస్ చెట్టు కొమ్మలు పాతడం ఆ డెనె తెగవాళ్ల పల్లె అలవాటు. పడమటి వైపు ఒక్క కొమ్మా లేదు. తాతల నాటి నుంచీ అటు మంచు రాయిలా గట్టి. వాళ్లు వస్తున్నది అటు నుంచే. కడుపుతో ఉన్నా భయం లేకుండా పరిగెత్తింది.

"అన్నా, వదిలెయ్! నా కుక్కలన్నీ తీసుకో!"

"ఇటు రాకు!" మోయీస్ అరిచాడు. "పోయి పొయ్యి చూసుకో!"

ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది.

"బావా... ఒక్క నిమిషం కూర్చోనీ," సిప్రియన్ ఏడుస్తున్నాడు.

"కూర్చున్నావో, చచ్చావు! లేరా, పందీ! నా చెల్లెలు చూడాలి నిన్ను!"

కర్ర ముఖం మీద పడింది. నెత్తురు చిమ్మింది. సిప్రియన్ కూలిపోయాడు. మోయీస్ కాలితో తన్నాడు. మళ్లీ కర్ర ఎత్తాడు.

అగాత్ కాల్చింది.

మోయీస్ మోకాళ్ల మీద పడ్డాడు. చెల్లెలి వైపు చూడలేదు. పడి ఉన్న సిప్రియన్ కోటు కాలరు పట్టి లాగుతూ, "ఆగకు... నడు," అన్నాడు. అలాగే ఒరిగిపోయాడు.

అగాత్, ఫిలోమెన్ కలిసి సిప్రియన్‌ను బండి మీద ఇంటికి ఈడ్చుకొచ్చారు. కోటు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. నెత్తురు గడ్డకట్టిందనుకుని అగాత్ కత్తితో కోసి తీసింది. రాత్రంతా అతను వణికాడు. నోట మాట రాలేదు.

తెల్లారగానే సిప్రియన్ చంకన స్ప్రూస్ కొమ్మలు పెట్టుకుని, కుంటుకుంటూ పడమటి వైపు పోయి, నిన్న తను మంచు విరిగి నీళ్లలో పడిన చోట, మోయీస్ తనను బయటికి లాగి, చలికి నిద్ర ముంచుకొచ్చి కొయ్యబారి చావకుండా కొడుతూ ఇంటికి బయల్దేరదీసిన చోట, చుట్టూ వాటిని పాతాడు.