డబ్బా మోగని ఉదయాలు

సరిగ్గా పిట్ట గొంతు విప్పే వేళకి మంచె మీంచి డబ్బా మోగింది.

పొద్దుతిరుగుడు చేలోంచి పక్షులన్నీ గుప్పున లేచి ఎటో ఎగిరిపోయాయి.

"అయిపోయింది! ఇవాళ కూడా అంతే సంగతులు," చెవుల మీది హెడ్‌ఫోన్లు లాగేశాడు తమ్ముడు.

అక్క గట్టు మీద కూర్చుని ఒళ్ళోని కాగితం వంక చూసుకుంటోంది. బొగ్గుతో మొదలుపెట్టిన గీత సగంలో ఆగిపోయింది.

ఆమె బొమ్మలు వేసే మనిషి. భర్త పోయాక బొగ్గు ముట్టుకోలేదు. చూసి చూసి తమ్ముడే ఒక దారి వెతికాడు. వానల్నీ వాగుల్నీ పిట్టల్నీ రికార్డు చేసి తెచ్చి వేదిక మీద అతను వినిపిస్తాడు. అవి వింటూ, జనం చూస్తుండగానే, గోడంత గుడ్డ మీద ఆమె బొమ్మ వేయాలి.

ఆమె సరేనంది. హాలు కూడా మాట్లాడేశారు.

తీరా చూస్తే ఏ శబ్దానికీ ఆమె చెయ్యి కదలలేదు. ఈ చేను దగ్గర విన్న కూతలకే ఇన్నాళ్ళకి ఒక గీత పడింది. అదీ పూర్తికాకుండానే డబ్బా!

"ఉండు, నేను అడిగొస్తాను," లేచింది అక్క.

మంచె మీద ఒక నడివయసు మనిషి. తలకి తువ్వాలు, భుజం దగ్గర చిరిగిన చొక్కా, చేతిలో సొట్టలు పడ్డ రేకు డబ్బా.

"కాసేపు అది ఆపుతారా అండీ? పక్షుల పాట రికార్డు చేసుకోవాలి."

"పాటా?" ఎగతాళిగా నవ్వాడాయన. "నాకు వీటితో తగువే గానీ పాట ఎక్కడిదమ్మా!"

ఆమె హెడ్‌ఫోన్లు పట్టుకుని మంచె ఎక్కి ఆయన చెవులకి పెట్టింది. తమ్ముడు మైకుని, పిట్టలు మళ్ళీ వచ్చి వాలుతున్న చేను వైపు తిప్పాడు.

ఆయన నవ్వు మెల్లగా ఆగింది. కళ్ళు మూసుకున్నాడు.

"ఇవి పొద్దున్నే ఇన్ని కబుర్లు చెప్పుకుంటాయా?" అన్నాడు చివరికి.

డబ్బాని తీసి మంచె కింద పెట్టేశాడు.

"మీ పని అయ్యేదాకా రోజూ రండి. నేను కొట్టను."

"పంట పాడైపోదా?" అక్క సందేహించింది.

"గుప్పెట్లో పట్టే పిట్ట ఎంత తింటుంది లెండి!"

"మీ ఓనరుగారు ఊరుకుంటారా?" అన్నాడు తమ్ముడు.

ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు. "నా మాట కాదనడు."

ఆ తర్వాత వాళ్ళు వెళ్ళిన ప్రతి ఉదయం చేను చేనంతా పక్షులే. ఒకటి పిలిస్తే ఇంకొకటి పలికేది. రెక్కల చప్పుడు, ముక్కుల టకటక, మధ్యలో ఏదో పిల్లపిట్ట మారాం. తమ్ముడు ఊపిరి బిగబట్టి రికార్డు చేసేవాడు. అక్క ఒళ్ళో కాగితాలు నిండిపోయేవి.

ఆయన మంచె దిగి వచ్చి, అడుగు చప్పుడు కాకుండా వెనక నిలబడి చూసేవాడు.

"చెయ్యి భలే తిరుగుతోందమ్మా," అన్నాడు ఒకరోజు.

"చాన్నాళ్ళకి తిరిగింది," అంది అక్క. మళ్ళీ కాగితం మీదికి వంగింది.

ఆయన వచ్చినంత మెల్లగా మంచె వైపు వెళ్ళిపోయాడు.

ప్రదర్శన రోజు హాలు కిక్కిరిసిపోయింది. దీపాలు తగ్గాయి. చీకట్లో ఒక్క పిట్ట పలికింది. తెల్లగుడ్డ మీద ఒక్క గీత లేచింది. కూతలు పెరిగేకొద్దీ అక్క చెయ్యి ఊపందుకుంది. గుంపంతా ఒక్కసారి రెక్కలు విప్పేసరికి ఆమె రెండు చేతులతోనూ బొగ్గు పట్టి గుడ్డ ఈ చివరి నుంచి ఆ చివరికి పరుగెత్తింది. గోడంతా ఆకాశమైపోయింది.

శబ్దం ఆగాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బొగ్గు చేతులతోనే తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేసింది అక్క.

"ముందు ఆయనకి చెప్పాలిరా," అంది.

పనులన్నీ తెమిలి వాళ్ళు వెళ్ళేసరికి పంటకాలం దాటిపోయింది. మంచె మీద ఎవరూ లేరు. చేలో పొద్దుతిరుగుడు తలలు గింజ లేక బోలుగా వేలాడుతున్నాయి. ఒకావిడ ఎండుకాడలు పీకి కట్టలు కడుతోంది.

"ఇక్కడ కాపలా కాసే ఆయన లేరా అమ్మా?" అడిగింది అక్క.

"మా అన్నయ్య గురించా? పట్నంలో ఏదో పని చూసుకుని వెళ్ళాడు. మళ్ళీ విత్తనాల వేళకి వస్తాడు."

"పనికి వెళ్ళారా? ఎందుకని?"

"పిట్టలు మరిగాయి కదమ్మా. పగలంతా ఇక్కడే కాపురం. ఈసారి గింజ ఇంటికి చేరలేదు."

అక్క ఆ బోలు తలల వంక చూసింది. "మా వల్లే ఆయన పని పోయిందా?"

"మీరేనా ఆ బొమ్మలావిడ!" ఆమె మొహం విప్పారింది. కట్ట కింద పడేసి దగ్గరికొచ్చింది. "మీకు దణ్ణం పెట్టాలి తల్లీ. మా వదిన పోయాక అన్నయ్య మనసారా నవ్విందే లేదు. మీరొచ్చాక రోజూ ఇంటికొచ్చి, ఏ పిట్ట ఎలా కూసిందో పిల్లలందరికీ నోటితో కూసి వినిపించేవాడు. వెళ్ళేటప్పుడు కూడా మీ మాటే చెప్పుకుంటూ వెళ్ళాడు."

అక్క కళ్ళు తుడుచుకుంది.

తమ్ముడు ముందుకొచ్చాడు. "ఓనరుగారు ఎక్కడుంటారో చెప్పండి. తప్పు మాదేనని చెప్పి, ఆయన్ని మళ్ళీ పనిలో పెట్టుకోమని మేం అడుగుతాం."

ఆవిడ ఇద్దర్నీ వింతగా చూసింది.

"ఓనరెవరు బాబూ? ఈ చేను మా అన్నయ్యదే."