తిరగని రూపాయి

"చెయ్యి తియ్! తియ్ అంటున్న!"

వైశాలి అరుపుకి నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఛాయ్ తాగుతున్నవాళ్లు కూడా తలలు తిప్పారు.

ఎవరో ముసలాయన. కొత్త గరాటు హుండీ లోపల తడిపిన గరుకు కాగితం పెట్టి పరపరా రుద్దుతున్నాడు. అద్దంలా మెరిసే పసుపు ఫైబర్ మీద సగం మేర తెల్లటి గీతలు.

వైశాలికి ఒళ్లు మండింది.

మండదా మరి? సాయంత్రం నాలుగింటికి ఆబిడ్స్‌లోని ఒక పిల్లల దవాఖాన ట్రస్టు నుంచి మాబెల్ మేడం ఆ హుండీని చూడ్డానికి వస్తోంది. పైన గాడిలో రూపాయి వదిలితే అది గిర్రున చుట్లు కొడుతూ, మెల్లగా దిగుతూ, నడిమి కంతలో పడాలి. చూసిన పిల్లలు చప్పట్లు కొట్టి ఇంకో రూపాయి కోసం అమ్మ కొంగు లాగాలి. నచ్చితే ఇరవై హుండీల ఆర్డరు. నచ్చకపోతే ఆర్డరు గౌలిగూడలో హుండీలు చేసే రత్నాకర్‌కి, వైశాలి షాపుకి తాళం.

ఆ రూపాయేమో పొద్దున్నుంచి మొండికేసింది. మూడు చుట్లు కొట్టడం, జర్రున జారి కంతలో పడడం. వైశాలీ, ఆరు నెలల కిందట పనిలో చేరిన ఇంద్రసేనా కలిసి ఇంకో పూత మైనం పాలిష్ పట్టించారు. ఇంకా జారింది. మళ్లీ పట్టించారు. మరీ జారింది.

ముసలాయన పదింటికి వచ్చాడు. ఎవరూ పిలవకుండానే హుండీలోకి తొంగి చూశాడు.

"ఏంది బిడ్డా, మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనెనా? గింత మెరుపు ఎందుకు?"

"కొనేదుంటే చెప్పు. లేకుంటే నడువు."

"రూపాయి దొర్లాలె, జారొద్దు. మొదట్ల అల్యూమినియం రేకును సుత్తెతో కొట్టి చేసేటోళ్లు. ఆ దెబ్బల గరుకే రూపాయిని పట్టేది. తర్వాత ఫైబర్ వచ్చింది, నునుపైంది. అయినా అప్పటి రూపాయి బరువుండె, నడిచింది. ఇప్పటి రూపాయి బక్కది. గీ పాలిష్ మీద నిలవది."

"నాకే చెప్తున్నవా? హైదరాబాద్‌ల మొదటి గరాటు హుండీ చేసింది మా నాయన భావనారాయణ. తెల్సా?"

ముసలాయన హుండీ అంచు మీద మెల్లగా వేలు రాశాడు.

"ఔ, మంచి పనిమంతుడు" అన్నాడు.

వీడు రత్నాకర్ మనిషే అనుకుంది వైశాలి. ఆ రత్నాకర్ ఇప్పటికే ఆమె డిజైన్లు రెండు కాజేశాడు. ఇంతలో ఇంద్రసేన మైనం కోసం వెనక గదిలోకి వెళ్లాడు, ఫోన్ మోగింది. మాట్లాడడానికి బయటికెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చేసరికి ఇదీ నిర్వాకం.

"నాశనం చేసినవ్ గద! రత్నాకర్ ఎంత ఇచ్చిండు నీకు?"

"జర సబ్బునీళ్లతోని కడుగు బిడ్డా, అప్పుడు చూడు..."

వైశాలి అతని చొక్కా పట్టి గుంజింది. వాకిట్లోకి నెట్టింది. ముసలాయన మెట్టు తప్పి మోకాళ్ల మీద పడ్డాడు. ప్యాంటు చిరిగింది.

ఇంద్రసేన లేపబోయాడు.

"ముట్టుకోకు!"

ముసలాయన గోడ పట్టుకుని తనే లేచాడు.

"మైనం మొత్తం పోవాలె" అని ఇంద్రసేనకి చెప్పి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

అతను గల్లీ మలుపు తిరిగేదాకా వైశాలి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది. ఛాయ్ హోటలువాడు సిగ్గుపడి రేడియో సౌండు పెంచాడు.

ఆ గీతలు మాపాలని చూస్తూ చూస్తూనే మూడైంది. మళ్లీ పాలిష్ ఎక్కించే టైం లేదు. నిండా మునిగాక చలేముంది? ఏడుస్తూ, పళ్లు కొరుకుతూ మిగతా సగం కూడా తనే రుద్దింది. సబ్బునీళ్లతో కడిగింది. పొడిగుడ్డతో తుడిచింది.

ఇంద్రసేన రూపాయి వదిలాడు.

తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఇరవై చుట్ల దాకా లెక్కపెట్టి వైశాలి లెక్క తప్పింది.

"దొంగ సచ్చినోడు! పనైతే తెలుసు" అంది. కోపం ఇంకా దిగలేదు.

నాలుగింటికి మాబెల్ వచ్చింది. మూడు రూపాయలు వరసగా వదిలి, మూడూ పడేదాకా చిన్నపిల్లలా వంగి చూసింది.

"శభాష్ వైశాలీ! మెరుపు లేకున్నా మస్తుగ తిరుగుతున్నది."

"మా నాయన డిజైన్ మేడం" అంది వైశాలి తలెత్తి.

మాబెల్ ఆర్డరు కాగితం చేతిలో పెట్టింది.

"మీటింగ్‌ల మా ట్రస్టోళ్లందరు రత్నాకర్ పేరే చెప్పిన్రు. ప్రేమ్‌రాజ్ సార్ ఒక్కరే ఒప్పుకోలె. 'భావనారాయణ బిడ్డకే ఇయ్యాలె, ఏమన్న లోపముంటే నేనే పోయి సరిచేస్త' అన్నరు. పొద్దుగాల వస్తనన్నరే, రాలేదా?"

వైశాలి చూపు వాకిటి మెట్టు మీదికి పోయింది. ఇంద్రసేన నేలచూపులు చూశాడు.

ఆమె జవాబు చెప్పేలోపే మాబెల్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"సార్, వైశాలి దగ్గరికి పోలేదా?"

"పోలేదమ్మా. మోకాలు నొస్తున్నది, ఇంట్లనే ఉన్న." అదే గొంతు. "రూపాయి తిరిగిందా?"

"బాగ తిరిగింది సార్."

"తిరుగుతది. భావనారాయణ బిడ్డ గద!"

ఫోన్ పెట్టేశాక కూడా వైశాలి ఆ ఫోన్ వంకే చూస్తోంది. చొక్కా పట్టిన చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది.

"ఎవరు మేడం ఆయన?" అడగడానికే భయమేసింది.

"చెప్పినట్టు తెలిస్తే నా మీద గుస్సా అయితరు" అంది మాబెల్ గొంతు తగ్గించి. "మీ నాయన పని పోయి రోడ్డు మీదున్నప్పుడు, తను చేసిన మొదటి హుండీ అచ్చు తెచ్చి ఆయన చేతుల పెట్టి, 'ఇది నీదేనని చెప్పుకో అన్నా' అన్నది ఈయనే."