తొమ్మిదో అద్దం

"నానీ, జర ఇటు జరుగు. కెమెరాకు అడ్డమొస్తున్నవ్" అంది రుక్కి అమ్మమ్మతో.

తుల్సీబాయి చంకలోని సంచీ సర్దుకుని పక్కకు జరిగింది. మహబూబాబాద్‌లోని శ్రీపాల్ బట్టల దుకాణంలో కొత్తగా పెట్టిన నిలువెత్తు తెర ముందు మనవరాలు నిలబడి ఉంది. ఒంటి మీదున్నది మామూలు పంజాబీ డ్రెస్సే, తెర మీద మాత్రం అద్దాల కుట్టుతో నిమిషానికో కొత్త వేషం. శుక్లాలు కమ్మిన ముసలి కళ్లకు అన్నీ రంగుల మసకే.

సంచీలో అద్దాల రవిక ఉంది. కూతురు కమ్లీ పెళ్లికని ఏళ్ల తరబడి తుల్సీబాయి తన చేత్తో కుట్టింది. ఇంకో పది రోజుల్లో రుక్కి పెళ్లి. మనవరాలు కూడా అదే తొడుక్కోవాలని ఆమె ఆశ.

"ఒక్క పూట తొడుక్కోరాదె బిడ్డా. మీ అమ్మ గూడ గిదే తొడుక్కున్నది."

"కుడి భుజం మీద తొమ్మిది అద్దాలు, ఎడమ దిక్కు ఎనిమిది. ఫోటోల్ల అందరి కండ్లు ఆడికే పోతయి నానీ."

ఆ లోటుకు కారణం రుక్కి తల్లే. పాకే వయసులో కమ్లీ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఎడమ భుజం మీద కుట్టాల్సిన చివరి అద్దాన్ని తుల్సీబాయి దాని చేతికిచ్చింది. ఏడుపు ఆగింది గాని అద్దం మళ్లీ దొరకలేదు. తర్వాత అంగట్లో ఎన్ని అద్దాలు కొన్నా ఆ చోట కుట్టడానికి మనసు రాలేదు. అక్కడ వేలు పెడితే చాలు, పసి కమ్లీ గుర్తుకొచ్చేది.

తెర దగ్గర పనిచేసే శ్వేత నవ్వింది. "గిది ఏఐ అవ్వా. మనిషి రంగు, ఎత్తు చూసి డిజైన్ అదే గీస్తది. నకలు కొట్టది."

"మరి మా కుట్టు దానికెవరు నేర్పిన్రు?"

"ఒకరు నేర్పేదేంది? లక్షల ఫోటోలు చూసి అదే నేర్చుకుంటది."

తుల్సీబాయి తలూపింది. ఫోటోలంటే ఆమెకు కిందటేటి తీజ్ పండుగ గుర్తొచ్చింది. జీవన్ అనే ఆయన దంతాలపల్లి దగ్గరి వాళ్ల తండాకు వచ్చి, పాత బట్టలన్నీ ఎండలో పరిపించి, ఫోటోలు తీసుకుని, ఇంటికో స్టీలు గిన్నె ఇచ్చి పోయాడు. ఆనాడు ఫోటో తీశాక పెట్టెలో పెట్టిన రవికను మళ్లీ ఇవాళే తీసింది.

"నానీ, గిదే. నాకు గిదే కావాలె" అంది రుక్కి ఉన్నట్టుండి.

తెర మీద అద్దాలు కుట్టిన నీలం రవిక. ఎడమ భుజం మీదుగా ఓణీ జారుతోంది. కింద 'మీ ఒక్కరి కోసమే' అని రాసుందని శ్వేత చదివి వినిపించింది.

"మొత్తం తండాల గిసొంటిది ఎవరికి లేదు నానీ."

ఇన్నేళ్ల తన కుట్టు ఒక్క తెర ముందు ఓడిపోయిందని తుల్సీబాయి బాధపడింది. అయినా మనవరాలి సంతోషం చెడగొట్టలేక సంచీ మూతి బిగించి కట్టింది.

"నీ పెండ్లి బిడ్డా. నీకు నచ్చిందే తొడుక్కో."

పెళ్లి రోజు పొద్దున పార్శిల్ వచ్చింది. రుక్కి పొట్లం విప్పీ విప్పగానే తొడుక్కుని, ఓణీ కప్పుకోకముందే ముసలి ఆడవాళ్ల మధ్య కూర్చున్న తుల్సీబాయిని వెతుక్కుంటూ వచ్చి, వీపు తిప్పి కూర్చుంది.

"ముళ్లు నువ్వే వెయ్యాలె నానీ. అమ్మకు గూడ నువ్వే వేసినవంట."

వీపు మీద దారాలు ముడివేశాక, తుల్సీబాయి చేతులు పాత అలవాటుగా భుజాల మీదికి పాకాయి. మిషన్ కుట్టు చేతికి గరుకుగా తగిలింది. కుడి భుజం మీద వేలితో లెక్కపెట్టింది. తొమ్మిది. చెయ్యి ఎడమ భుజం మీదికి మారింది. చివర్లో వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఏమైంది నానీ? మంచిగ లేదా?"

"మస్తుగున్నది బిడ్డా" అంది తుల్సీబాయి, ఆ చోటు మీంచి వేలు తియ్యకుండానే.

ఎడమ భుజం మీద ఎనిమిదే ఉన్నాయి.