బావి దాకా వచ్చిన సుభద్ర

వనజ నవలలో లేనిది చదువుతోందని ఆ మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. ప్రొద్దుటూరులో మగ్గాలున్న ఆ వీధి ఆడవాళ్ళంతా మధ్యాహ్నమైతే రాట్నాల మీద నూలు కండెలు చుట్టుకోవడానికి నారాయణ ఇంటి పంచలో చేరేవారు. చేతులకు పని ఉంటుంది, చెవులకు ఉండదు. ఆ చెవుల కోసం నారాయణ కూతురు వనజ నవల చదివి వినిపించేది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఆ వీధిలో ఆడవాళ్ళలో కూడబలుక్కోకుండా చదవగలిగింది ఆమె ఒక్కతే.

పక్కింటి దిల్షాద్‌బీ అయితే కళ్ళొత్తుకోవడానికి కొంగు సిద్ధం చేసుకుని మరీ వచ్చేది.

ఆ రోజు నవల ఆఖరికొచ్చింది.

అప్పుడే తెల్లచీర కట్టుకున్న ఒకామె వచ్చి నారాయణ కోసం అడిగింది. దుప్పట్లు నేయించాలట.

“నూలుకు పోయినాడు. వస్తాడు, కూర్చోమ్మా,” అంది వనజ తల్లి వెంకటసుబ్బమ్మ.

తెల్లచీర చూసి, పాపం, మొగుడు పోయినామె కాబోలు అనుకున్నారందరూ. ఆమె గడప పక్కన ఒదిగి కూర్చుంది.

వనజ చదువుతోంది. అత్తింటివాళ్ళు గెంటేసిన సుభద్ర తెల్లవారకముందే ఊరి బావి దాకా వచ్చింది. లోపలికి తొంగి చూసింది. నీళ్ళు చేదుకుని ముఖం కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని, రోడ్డు మీదికి నడిచి, మొదటి బస్సు ఎక్కేసింది.

“మంచి పని చేసినాదమ్మా!” అంది దిల్షాద్‌బీ, కొంగు వదిలేసి.

“యాడుండాది ఆ మాట?”

గుమ్మంలో అయ్యవారు. వనజకు బడిలో పాఠం చెప్పేది ఆయనే, నవల ఇచ్చిందీ ఆయనే. తీసుకుపోదామని వచ్చాడు.

“సుభద్ర బావిలో దూకి చచ్చిపోతాది గదా! బస్సు యాడిది? ఇది జరిగిన కథ. రాసినాయప్ప పులివెందుల తట్టోడు. వాళ్ళ ఊర్లోనే జరిగిందని ముందుమాటలో చెప్పినాడు.”

రాట్నాలు ఆగిపోయాయి.

వెంకటసుబ్బమ్మకు తల కొట్టేసినట్టయింది. నా కూతురు చదువుతుందని వీధంతా చెప్పుకున్న మనిషి మరి.

“ఏమే, ఇంతమందికీ అబద్ధాలు చదువుతాండావా?”

“ఆయమ్మ చావదుమా!”

“నీకెట్ల తెలుసు?” అయ్యవారు నవ్వాడు.

వనజ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది.

“మొగుడు కొట్టేదానికొస్తే చెయ్యి పట్టుకున్న మనిషి అయ్యవారూ. పంచాయతీలో అందరి ముందర ‘నా తప్పేంది’ అని అడిగిన మనిషి. అట్లాంటామె బావి దాకా వస్తాదేమో. చూసి ఎనక్కి తిరుగుతాది. ఆమెను ఏం చేయల్లో తెలీక రాసినాయప్పే తోసేసినాడు.”

“రాసినోని కంటే నీకెక్కువ తెలుసా?” అన్నాడు అయ్యవారు.

వెంకటసుబ్బమ్మ పుస్తకం లాక్కుని ఆయన చేతిలో పెట్టింది.

“ఇంక దీనికి పుస్తకాలియ్యాకండి. బడి గూడా చాలు. రేపట్నుంచి మగ్గం కాడ కూచుంటాది.”

వనజకు అప్పుడు ఏడుపొచ్చింది.

“పాపను బడి మాన్పియ్యాకమ్మా,” అంది తెల్లచీర ఆమె. “పాప చదివినట్ల ఉంటేనే నాకు బాగుండాది.”

“మీకేమమ్మా, చెప్పి పోతారు. రేపు పదిమందిలో తలెత్తుకోల్సింది మేము,” అంది వెంకటసుబ్బమ్మ.

తెల్లచీర ఆమె లేచి వెళ్తూ వనజ దగ్గర ఆగింది.

“బస్సెక్కినాక ఏం చేస్తాది పాపా?”

“చదువుకుంటాది. ఉద్యోగం చేస్తాది. ఆమె వస్తే జనం లేచి నిలబడతారు.”

“భయపడదా?”

“భయపడతాది. అయినా బస్సు దిగదు.”

ఆమె వనజ తల మీద చెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. పెద్దవాళ్ళు జాలిపడితే ఆ వయసులో గిట్టదు. వనజ తల పక్కకు తిప్పుకుంది.

ఆమె వీధి మొదట్లో ఎదురైన నారాయణకు దుప్పట్ల సంగతి చెప్పి, జమ్మలమడుగు వెళ్ళిపోయింది.

నెల గడిచింది. అన్నంత పనీ చేసింది వెంకటసుబ్బమ్మ. వనజ బడి మొహం చూడలేదు.

దుప్పట్ల మూటతో జమ్మలమడుగు వెళ్ళిన నారాయణ సాయంత్రానికి తిరిగొచ్చాడు. కాళ్ళైనా కడుక్కోకుండా అన్నాడు:

“రేపు పాపను బడికి పంపియ్యి.”

“ఏంది, వస్తానే ఈ మాట?”

“ఆ తెల్లచీర ఆమె ఎవురనుకున్యావు? ఆడ ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఆమె వార్డులోకి అడుగుపెడితే ఒక్కొక్కరు లేచి నిలబడుతాండారు!”

వెంకటసుబ్బమ్మ మూలనున్న వనజ బడి సంచి తీసి దులిపింది.

“నేను పోయి మొక్కొస్తా నాయనా,” అంది వనజ. తల పక్కకు తిప్పుకున్నది గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది.

“యాడ మొక్కుతావు పాపా? ఇంకా పెద్ద పని మీద మధ్యాన్నమే రాయవేలూరు ఆసుపత్రికి పాయె. మళ్ళీ ఈ తట్టు రాదంట. పోతాపోతా నీకొక మాట చెప్పమన్నాది.”

“ఏమని?”

నారాయణ కూతురి వైపు చూశాడు. అంత గర్వంగా ఆయన మగ్గం మీద దిగిన ఏ చీరనూ చూసుకోలేదు.

“‘ఆ నవల రాసింది మా యన్నే, ఇంటి పరువు కోసం నేను బావిలో దూకి చచ్చినట్ల రాసుకున్యాడు గానీ, నేను పాప చదివిన బస్సే ఎక్కినా’ అన్నాది.”