జ్ఞానమ్మ గారి వాంగ్మూలం

"పేరు?"

"జ్ఞానమ్మండి."

"కార్డులో ఉన్న పేరు అడుగుతున్నాను."

"కార్డులో నూకమ్మ అని ఉంటుందండి. నా పేరు జ్ఞానమ్మ."

కుర్చీలో ఉన్నాయన చేతిలోని కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నారు. అది ఫిర్యాదు కాపీ. జ్ఞానమ్మ మనవరాలు ఆశాజ్యోతి కుటుంబం చర్చికి వెళ్తుందని, ఎస్సీ కోటాలో ఆమెకు వచ్చిన డాక్టరు సీటు చెల్లదని ఊళ్లో ఎవరో కలెక్టరుకు రాశారు. క్రైస్తవులని తేలితే కుల సర్టిఫికెట్ రద్దవుతుంది. సర్టిఫికెట్ పోతే సీటు పోతుంది. ఆశాజ్యోతి రాజమండ్రి వెళ్లి కాలేజీలో చేరి పదకొండు రోజులైంది.

"నువ్వు హిందువువేనా?"

చాప మీద కూర్చున్న జ్ఞానమ్మ తల ఎత్తింది. "నువ్వు అంటున్నారేంటండీ?"

"విచారణలో మర్యాదలుండవు. అడిగినదానికి చెప్పు."

కోడలు బేబి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అత్తా, అవునని చెప్పెయ్యి."

జ్ఞానమ్మ కొంగు సర్దుకుంది.

"ఆదివారం ఎక్కడికి వెళ్తావు?"

"ఎక్కడికీ వెళ్లదండి, మోకాళ్ల నొప్పులండి," అంది బేబి.

"నిన్నడగలేదు."

"చర్చికి," అంది జ్ఞానమ్మ. "నొప్పులతోనే వెళ్తాను."

"అయ్యగారండీ, ఆవిడకి మతిమరుపండి."

"మతిమరుపు నీకే," అంది జ్ఞానమ్మ.

ఆయన గోడవైపు వేలు చూపించారు. అక్కడ బేబి పొద్దున తగిలించిన లక్ష్మీదేవి పటం ఉంది. పటానికి అటూ ఇటూ సున్నం మీద సిలువ తీసిన మచ్చ కనిపిస్తోంది. "ఇక్కడ ఇంతకు ముందు ఏముండేది?"

"అద్దమండి," అంది బేబి.

"అద్దానికి చేతులుంటాయా? ఇంకాస్త పెద్ద పటం దొరకలేదా నీకు?"

బేబి తల దించుకుంది.

"ఈ జ్ఞానమ్మ అనే పేరు ఎవరు పెట్టారు?"

జ్ఞానమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "అది మీరు అడగాల్సిన మాటేనా?"

"నేను కాకపోతే ఇంకొకరు అడుగుతారు. చెప్పు."

ఎవరు పెట్టారో ఆమె చెప్పలేదు. ఇంకోటి చెప్పింది.

"పదేళ్లు కామందు ఇంట్లో పేడ తీశానండి. ఒసే నూకీ అనేవారు. నడక రాని వాళ్ల మనవడు కూడా ఒసే అనేవాడు. వాళ్ల గేదెని మాత్రం గౌరమ్మ తల్లీ అని పిలిచేవారు. బాప్తిస్మం తీసుకున్న వారం, చర్చిలో 'జ్ఞానమ్మ గారు ప్రార్థన చేస్తారు' అన్నారు. ఆ గారు ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. నన్నేనండి. ముప్పై రెండేళ్లొచ్చాక దేవుడు నన్ను మనిషిని చేశాడు. ఇప్పుడు కాదనమంటారా?"

"కాదను." ఆయన గొంతు పెరిగింది. "చర్చి తెలీదను. బాప్తిస్మం లేదను. పిల్ల డాక్టరవుతుంది. లేదంటే వాళ్లమ్మలాగే రొయ్యల కంపెనీలో తలలు తీసుకుంటుంది. చట్టం అంతే."

జ్ఞానమ్మ గోడ పట్టుకుని లేచింది.

"ఏం చట్టమండీ? బాప్తిస్మం తీసుకున్నాక మా పేటని ఊళ్లో కలిపారా? టీ కొట్లో మా గ్లాసు వేరే పెట్టడం మానేశారా? మావాణ్ణి కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టినప్పుడు, పాపం క్రైస్తవుడు కదా అని వదిలేశారా? కొట్టేటప్పుడు కులం కనపడింది. ఇచ్చేటప్పుడు సిలువ కనపడుతుందా?"

"ఆ సంగతులు కాగితం మీదికి ఎక్కవు."

"ఎక్కని కాగితం నాకెందుకు?"

"ఆశాజ్యోతికి కావాలి."

బేబి వచ్చి అత్త కాళ్లు పట్టుకుంది. రొయ్యల పెంకులు గీసుకున్న వేళ్లు అవి. మంచు నీళ్లలో నాని చర్మం తెల్లబడి ఉంది.

"అత్తా, దేవుడికి తెలుసు కదా. నోటితోనేగా అనేది."

"ఆయన్ని ఒప్పుకుందీ నోటితోనేనే."

బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ మొగల్తూరు వైపు పోయింది.

జ్ఞానమ్మ పళ్లు బిగించింది.

"నా పేరు నూకమ్మ. నేను హిందువుని. చర్చి ఎటుందో నాకు తెలీదు. ఆ యేసు ఎవరో నాకు తెలీదు. చాలా? రాసుకోండి!"

ఆయన రాసుకోలేదు. కళ్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"రేపు అసలు ఆఫీసరు వచ్చినప్పుడు మాత్రం గొంతు వణక్కుండా చూసుకోండమ్మా," అన్నారు, ముప్పై ఏళ్ల కిందట పంట కాలువలో ఆమెకు బాప్తిస్మమిచ్చిన పాస్టరు ఏసుపాదం.