దారం మీద కూర్చున్న చుట్టం

చెరువు అడుగు బురదలో కంటికి ఆనని సూక్ష్మజీవి ఒకటుండేది. దాని కడుపులో పొడవాటి దారం. ఆ దారం మీద పాకుతూ, అందులోని ఆజ్ఞలను పైకి చదవడం ముసలి చదువరి పని. అతను ఏది చదివితే పనివాళ్లు అది తయారుచేసేవాళ్లు. ఏ ఆజ్ఞ మీదైనా ఎవరైనా కూర్చుని ఉంటే దాన్ని వదిలేసి ముందుకు పోవాలి. ఇప్పుడది అక్కర్లేదని ఇంటివాళ్లు అలా కూర్చునే చెప్పేవాళ్లు. అది ఆ ఇంటి ఆచారం.

ఒకరోజు ఒక వైరస్ గోడకు కన్నం వేసి, తన దారాన్ని లోపలికి తోసింది. దాంతోపాటు బుడ్డ ప్రొటీన్లు రెండు వచ్చాయి. పరాయి దారాలను తెంపే కత్తెర ఎలా చెయ్యాలో రాసి ఉన్న చోట ఒకటి చతికిలబడింది.

చదువరి అక్కడికొచ్చి ఆగాడు. "నువ్వు ఈ ఇంటివాడిలా లేవే," అన్నాడు.

"కూర్చున్నాను కదా తాతా. లేపుతావా?"

లేపే ఓపిక అతనికి లేదు. ఒక వరుస చదివే బాధ తప్పిందిలే అనుకుని దాటిపోయాడు.

"అలిసిపోయావు. ఇటు రా, ఇది చదవడం తేలిక," అంటూ రెండోది అతన్ని వైరస్ తోసిన కొత్త దారం మీదికి ఎక్కించింది. నిజంగానే తేలిక. గొంతు దానంతటదే సాగింది. అతను చదివినకొద్దీ పనివాళ్లు వైరస్ ఒంటికి సరిపోయే బుల్లి చొక్కాలు కుట్టుకుంటూ పోయారు.

"ఈ చొక్కాలు ఎవరికి తాతా? మనవాళ్లెవరికీ పట్టేలా లేవు," అంది పనివాళ్లలో పెద్దావిడ.

"నాకేం తెలుసమ్మా. చదవడం వరకే నా పని."

చివరి ఆజ్ఞ వచ్చింది. "గోడ కూల్చండి," అని చదివాడు. పనివాళ్లు లేచారు. ఆ మాట అన్నది తన గొంతేనని అతను గుర్తుపట్టేసరికి, చెరువు నీళ్లు చల్లగా ఒంటికి తగిలాయి.