ఊరుకునే మెషీన్

"మళ్ళీ అదే ఎర్రర్ సార్. ఫైలు డిలీట్ కావట్లేదు," అంది ఫోన్లో టెస్టర్.

"నా మెషీన్లో శుభ్రంగా పోతోంది కదా! నీ విండోసే ఒట్టి పేచీకోరు," అన్నాడు ఇంట్లోంచి పనిచేస్తున్న ప్రోగ్రామర్. పొద్దుటి నుంచీ ఇదే గొడవ.

"మన ప్రోగ్రామ్ ఫైలు తెరిచి మూయట్లేదు సార్. తెరిచున్న ఫైలుని తీసెయ్యమంటే నా మెషీన్ గోల పెడుతుంది. మీ మెషీన్లోని లినక్స్ ఊరుకుంటుంది. తప్పు మాత్రం రెండు చోట్లా ఉంది."

కోడ్ చూశాడు. నిజమే, ఫైలు మూసే లైనే లేదు.

అది చేర్చి, పట్టేసిన మెడ నిమురుకుంటూ పక్కకి తిరిగాడు. కిటికీ దగ్గర కుర్చీలో అమ్మ ఊరికే కూర్చుని ఉంది. అన్నయ్య వాళ్ళింట్లో ఉన్నన్నాళ్ళూ ప్రతిదానికీ దెబ్బలాడేది. ఇక్కడికొచ్చాక ఒక్క మాట లేదు. "నా దగ్గర అమ్మకి ఏ లోటూ లేదు" అని నిన్ననే అన్నయ్యతో గొప్పగా చెప్పాడు.

"అమ్మా, ఇక్కడ నీకేమైనా ఇబ్బందిగా ఉందా?"

"ఏం లేదు. నీ పని చూసుకో."

"మరి అన్నయ్యతో అన్నిటికీ పోట్లాడేదానివిగా?"

అమ్మ కిటికీ వైపే చూస్తూ అంది.

"వాడు వినేవాడురా."